ఎవరికీ కనిపించదులే అనుకున్నాను

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం మా అమ్మాయి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కంప్యూటర్ హోంవర్క్ చేసుకుంటోంది. ఎనిమిదో తరగతి వాళ్లకు హెచ్‌టీఎంఎల్ పాఠం ఉందని ఆ తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు తెలిసే ఉంటుంది. వెబ్ పేజీకి 'హెడ్' అని, 'బాడీ' అని రెండు భాగాలుంటాయట. బాడీలో రాసింది పేజీలో కనిపిస్తుంది. హెడ్‌లో రాసింది పేజీలో కనిపించదు. ఏదైనా ఒక వెబ్‌సైట్ తెరిచి, దాని వెనకున్న కోడ్ చూసి, హెడ్‌లో ఏమేం ఉన్నాయో నోట్‌బుక్‌లో రాసుకు రమ్మన్నారు టీచర్.

ఎవరి సైటో ఎందుకు, మనదే చూద్దామనుకుంది. పేజీ మీద రైట్ క్లిక్ చేసి, 'వ్యూ పేజ్ సోర్స్' నొక్కి, ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుతోంది. కాసేపటికి పిలిచింది.

"అమ్మా, ఇక్కడ టైటిల్‌లో 'షుగర్ ఫ్రీ పూతరేకులు' అని ఉంది. మనం షుగర్ ఫ్రీవి చెయ్యం కదా?"

నేను వంటింట్లోంచే జవాబిచ్చాను. "బెల్లంవి చేస్తాంగా, అవే. అయినా అది గూగుల్ కోసం రాసింది. ఎవరికీ కనిపించదులే."

అది ఇంకేం అనలేదు. ఉన్నది ఉన్నట్టు నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ రోజు అది అడిగిన ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

కుండ మీద పూత

మావారిది ఆత్రేయపురం. పేరు చెప్పగానే మీకు పూతరేకులు గుర్తొచ్చి ఉంటాయి. మా అత్తయ్యగారు చిన్నప్పటి నుంచీ అవి చేస్తున్నారు. నున్నటి కుండను బోర్లించి, కింద మంట పెడతారు. బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, వేడి కుండ మీద ఒక్కసారి లాగుతారు. రెండు మూడు క్షణాల్లో పొర ఆరి, కాగితంలా ఊడి వస్తుంది. దాన్ని కొంచెం తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం పొడో చల్లి మడతపెడతారు. చూడటానికి ఎంత తేలికో, చెయ్యి తిరగడానికి అన్ని ఏళ్లు పడుతుంది. నేను కోడలిగా వచ్చి పదిహేనేళ్లయినా నా రేకు ఇప్పటికీ మధ్యలో చిరుగుతుంది.

2020 లాక్‌డౌన్‌లో కొనేవాళ్లు లేక పని ఆగిపోయింది. అత్తయ్యతో పాటు పనిచేసే ముగ్గురు ఆడవాళ్లకూ అదే జీవనం. అప్పుడే మా ఆడపడుచు కొడుకు, ఇంజనీరింగ్ కుర్రాడు, రెడీమేడ్ డిజైన్ తీసుకుని మాకొక వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చాడు. నేను బీకాం చదివి రాజమహేంద్రవరంలో ఒక ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. సాయంత్రాలు ఆ సైట్ చూసుకోవడం నా వంతైంది.

ఏడాది గడిచినా మా వాట్సాప్ గ్రూపుల్లోని బంధువులు తప్ప బయటివాళ్లు ఒక్కరూ రాలేదు. గూగుల్‌లో మా సైట్ పేరు పూర్తిగా కొడితేనే కనిపించేది. 'ఆత్రేయపురం పూతరేకులు' అని కొడితే మూడు పేజీలు వెతికినా మేం లేము. నెల రోజుల్లో మొదటి స్థానంలో నిలబెడతామని ఫోన్ చేసిన ఒక ఏజెన్సీకి డబ్బు కట్టాం. నెల గడిచింది, మూడు నెలలూ గడిచాయి, వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ వాళ్లే తమ సూచనల్లో రాసిపెట్టారు. అది నేను డబ్బు కట్టాక చదివాను.

ఇక నేనే నేర్చుకోవాలనుకున్నాను.

డబ్బా మీద చీటీ

మెటాడేటా అనే మాట విని మొదట భయపడ్డాను. తీరా చూస్తే అది రోజూ వంటింట్లో చేసే పనే. ఒకేలా ఉన్న ఇరవై స్టీలు డబ్బాల మీద పెసరపప్పు, శనగపిండి, గోధుమరవ్వ అని చీటీలు అంటిస్తాం. లోపలున్న సరుకు వేరు, సరుకు గురించి చెప్పే చీటీ వేరు. ఆ చీటీయే మెటాడేటా. మనం లేనప్పుడు మన వంటింట్లోకి వచ్చినవాళ్లకు అదే దారి. గూగుల్ కూడా అలా వచ్చే మనిషి లాంటిదే. చీటీ ఒక్కటే చూడదు, మూత తీసి లోపలిదీ చూస్తుంది. కానీ చీటీయే లేకపోతే దాని పని కష్టమవుతుంది.

మా చీటీలు ఎలా ఉన్నాయో చూద్దామని కూర్చుంటే నవ్వొచ్చింది. సైట్‌లో ఆరు పేజీలుంటే ఆరింటికీ టైటిల్ 'హోమ్' అనే ఉంది. ఇరవై డబ్బాల మీదా 'డబ్బా' అని రాసి పెట్టినట్టు. గూగుల్‌లో వెతికినప్పుడు పెద్ద అక్షరాల్లో కనిపించే లైన్ సాధారణంగా ఈ టైటిల్ నుంచే వస్తుంది. 'హోమ్' అని చూసి ఎవరు నొక్కుతారు? ధరల పట్టిక మరీ ఘోరం. వాట్సాప్‌లో పంపడానికి చేసిన పోస్టర్‌నే ఫొటోగా పెట్టేశాం. మనకు అక్షరాలు కనిపిస్తాయి గానీ, సెర్చ్ ఇంజన్‌కు ప్రధానంగా అదొక బొమ్మ. ఆ ఫొటో పేరు కూడా 'ఐఎంజి' అని, పక్కన ఏదో నంబరు.

అన్నీ ఒక్కొక్కటిగా సరిచేశాను. ప్రతి పేజీకీ దాని సరుకును బట్టి టైటిల్ పెట్టాను. ధరలు అక్షరాల్లో టైపు చేశాను. ప్రతి ఫొటోకూ 'ఆల్ట్ టెక్స్ట్' అని ఒక వర్ణన రాసే చోటుంటుంది. చూపు లేనివాళ్ల ఫోన్ ఆ వర్ణననే పైకి చదివి వినిపిస్తుంది, సెర్చ్ ఇంజన్ కూడా ఫొటోలో ఏముందో పోల్చుకోవడానికి దాన్ని వాడుకుంటుంది. 'బోర్లించిన కుండ మీద పూతరేకు తీస్తున్న చేతులు' అని రాసినప్పుడు, అత్తయ్య చేతుల గురించి మొదటిసారి ఒక వాక్యం రాశానని అనిపించింది.

టైటిల్ కింద రెండు లైన్ల వివరం కోసం 'డిస్క్రిప్షన్' అని ఉంటుంది. అది రాసినంత మాత్రాన ర్యాంకు పెరగదు. కానీ వెతికేవాళ్లకు మన సైట్ పేరు కింద తరచుగా కనిపించేది అదే కాబట్టి, నొక్కాలా వద్దా అని వాళ్లు తేల్చుకునేది అక్కడే. మనం రాసింది పేజీకి సరిపోలేదనిపిస్తే గూగుల్ దాన్ని పక్కనపెట్టి పేజీలోంచే ఒక ముక్క తీసి చూపిస్తుంది.

ఇంకొకటి ఉంది, 'కీవర్డ్స్'. ఏజెన్సీ వాళ్లు మా సైట్‌లో నింపింది అదే. పూతరేకులతో మొదలుపెట్టి కాజా, బొబ్బట్లు, బిర్యానీ దాకా డెబ్భై మాటలు కుక్కి పెట్టారు. దీని వెనక ఒక కథ ఉంది. 1990లలో ఆల్టావిస్టా లాంటి సెర్చ్ ఇంజన్లు వచ్చిన కాలంలో, పేజీ దేని గురించో తెలుసుకోవడానికి ఈ కీవర్డ్స్‌ను కూడా చూసేవి. అది కనిపెట్టిన జనం పేజీలో లేని మాటలన్నీ అందులో నింపడం మొదలుపెట్టారు. అబద్ధాలు ఎక్కువై ఆ చీటీకే విలువ పోయింది. 1998లో మొదలైన గూగుల్ మరో దారి పట్టింది. ఒక పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటుందన్నది ఒక్కటే చూడకుండా, దానికి ఎవరెవరు లింకులు ఇస్తున్నారో లెక్కలోకి తీసుకుంది. చివరికి 2009 సెప్టెంబరులో, ర్యాంకు ఇవ్వడానికి కీవర్డ్స్ ట్యాగ్‌ను తాము వాడటం లేదని బహిరంగంగానే చెప్పింది. మేం డబ్బు కట్టింది అది చెప్పిన పుష్కర కాలం తర్వాత.

నేను చేసిన తప్పు

సరిచేసిన రెండు నెలలకు మార్పు కనిపించింది. గూగుల్ 'సెర్చ్ కన్సోల్' అని ఒక ఉచిత సదుపాయం ఇస్తుంది. ఏ మాటలు వెతికినప్పుడు మన సైట్ కనిపించింది, ఎందరు నొక్కారు అన్నది అందులో తెలుస్తుంది. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక అది తెరిచి చూడటం నాకొక అలవాటైంది. ఒకే పేరును జనం ఎన్ని రకాలుగా వెతుకుతారో అక్కడే చూశాను. పూతరేకులు అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒకరు రెండు 'ఓ'లు పెడతారు, ఒకరు 'యు' పెడతారు. ఒకరికి 'టీ' చాలు, ఒకరికి పక్కన 'హెచ్' కావాలి. కొందరు 'పేపర్ స్వీట్' అంటారు. తెలుగులోనే కొట్టేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ నిజంగా మా సరుకు కోసం వచ్చేవాళ్ల మాటలే కాబట్టి, పేజీలో సహజంగా ఇమిడే చోట వాటిని రాశాను.

ఆ జాబితాలో ఒకరోజు 'షుగర్ ఫ్రీ స్వీట్స్' కనిపించింది. ఎవరో ఒకరిద్దరు అలా వెతికి మా దాకా వచ్చారు. నాకు ఆశ పుట్టింది. పంచదార వెయ్యని బెల్లం పూతరేకులు మా దగ్గర ఉన్నాయి. ఇంగ్లిష్‌లో షుగర్ అంటే పంచదారే కదా, అబద్ధమేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పేజీ టైటిల్ మార్చేశాను. నాలుగు వారాల్లో ఆ పేజీకి వచ్చేవాళ్లు పెరిగారు, ఆర్డర్లూ పెరిగాయి. అత్తయ్యకు చెప్పి మురిసిపోయాను, టైటిల్ సంగతి మాత్రం చెప్పలేదు.

మన ఇళ్లలో షుగర్ అంటే పంచదార ఒక్కటే కాదని నాకు తెలియనిది కాదు. "మా నాన్నకి షుగర్" అని మనం రోజూ అనుకునే మాటే.

దీపావళి అయిన వారానికి ఫోన్ వచ్చింది. గొంతు పెంచకుండా, తొందరగా మాట్లాడుతున్నాడాయన. "మేడమ్, మీ దగ్గర షుగర్ ఫ్రీ పూతరేకులు రెండు పెట్టెలు తెప్పించామండీ. మా నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగర్. స్వీట్లు మానేసిన మనిషి, ఇవి తినొచ్చని రోజూ రెండు మూడు తిన్నారు. రాత్రి చూస్తే మూడొందలు దాటింది. ఇప్పుడు హాస్పిటల్లో ఉన్నాం. అందులో ఏం వేశారో డాక్టర్‌గారు అడుగుతున్నారు. కొంచెం చెప్తారా?"

"బెల్లం అండీ" అన్నాను.

"బెల్లమా?" అన్నాడాయన. తర్వాత కాసేపు ఏమీ వినిపించలేదు.

పెట్టె వెనక పదార్థాల వివరాల్లో బెల్లం అని స్పష్టంగానే ఉంది. ఆ మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. 'షుగర్ ఫ్రీ' అని నమ్మి తెప్పించుకున్న మనిషి పెట్టె వెనక చిన్న అక్షరాలు ఎందుకు చదువుతాడు? రక్తంలో చక్కెర పెంచే విషయంలో బెల్లానికీ పంచదారకూ పెద్ద తేడా లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చదివింది నేను రాసిన ఒక్క లైన్. ఎవరికీ కనిపించదులే అని నేను అనుకున్న ఆ లైనే, మా సైట్ మొత్తంలో ఆయనకు మొట్టమొదట కనిపించింది.

తప్పు నాదేనని చెప్పి క్షమాపణ అడిగాను. డబ్బు తిరిగి పంపాను. రెండు రోజులు ఆ ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నాను. మూడో రోజు పెద్దాయన ఇంటికి వచ్చారని, మామూలుగా ఉన్నారని ఆ అబ్బాయి చెప్పాడు. "నాన్నగారు మిమ్మల్ని ఏమీ అనొద్దన్నారండీ. చాలా ఏళ్ల తర్వాత పూతరేకు తిన్నానన్నారు" అని పెట్టేశాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ ఆదివారం ఆత్రేయపురం వెళ్లి అత్తయ్యకు అంతా చెప్పాను. ఆవిడ పని ఆపకుండానే విన్నారు. "అమ్మాయ్, కుండ మీద పూస్తాం కాబట్టి పూత. రేకులా ఊడొస్తుంది కాబట్టి రేకు. పేరు పెట్టినవాళ్లు ఉన్నదే పెట్టారు. నువ్వు లేనిది తగిలించావు" అన్నారు. కాసేపాగి, "ఆ పెద్దాయనకేం కాలేదు కదా?" అని మళ్లీ అడిగారు.

ఇంటికొచ్చాక అమ్మాయికి కూడా చెప్పాను. చెప్పకుండా దాటేద్దామని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అది లేచి వెళ్లి కంప్యూటర్ నోట్‌బుక్ తెచ్చింది. దసరా హోంవర్క్ పేజీలో, దాని గుండ్రటి అక్షరాల్లో, 'టైటిల్: షుగర్ ఫ్రీ పూతరేకులు' అని ఉంది. పక్కన టీచర్‌గారి ఎర్ర టిక్కు. అది నన్ను దెప్పడానికి తేలేదు. "ఇప్పుడు మార్చావుగా, కొత్తది ఏం రాశావో చెప్పు, కింద రాసుకుంటా" అంది.

ఇప్పుడు ఏం రాశాం

కొత్త టైటిల్ ఇద్దరం కలిసి రాశాం. 'బెల్లం పూతరేకులు – ఆత్రేయపురంలో ఇంట్లో చేసినవి'. డిస్క్రిప్షన్‌లో 'బియ్యం రేకు, నెయ్యి, బెల్లం, జీడిపప్పు. మధుమేహం ఉన్నవారికి తగినవి కావు' అని పెట్టాం. ఆ చివరి వాక్యం రాయడానికి నాకు చెయ్యి రాలేదు, అమ్మాయే టైపు చేసింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ ట్యాగ్ వచ్చింది. ఆ గుర్తింపును వాడుకోవాలంటే తయారీదారులు విడిగా నమోదు చేయించుకోవాలి. మేం ఇంకా చేయించుకోలేదు కాబట్టి, 'జీఐ ట్యాగ్ ఉన్న పూతరేకులు' అని రాయాలనిపించినా రాయలేదు.

అనుకున్నట్టే 'షుగర్ ఫ్రీ' అని వెతికేవాళ్లకు మేమిప్పుడు కనిపించం. ఆ పేజీకి వచ్చేవాళ్లు తగ్గారు. సంక్రాంతికి బెల్లంవి కావాలని అడిగి మరీ తీసుకున్నవాళ్లు బాగానే వచ్చారు గానీ, ఆ ఆర్డర్ల లోటు పూర్తిగా పూడిందని చెప్పలేను. ఒక్కటి మాత్రం మారింది. ఫోన్ మోగితే గుండె జారడం లేదు.

మీలో చాలామందికి దుకాణమో, క్లినిక్కో, ట్యూషన్ సెంటరో ఉండి ఉంటుంది. దానికొక వెబ్‌సైట్ కూడా ఉండొచ్చు. వచ్చే ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పేజీ వెనకున్న కోడ్ తెరిచి చూడండి. ప్రతి పేజీకీ వేరే టైటిల్ ఉందా, ముఖ్యమైన వివరాలు ఫొటోల్లో ఇరుక్కుపోయాయా, ఫొటోలకు వర్ణన ఉందా అన్నది వాళ్లే చెప్తారు. తర్వాత ఆ టైటిల్, డిస్క్రిప్షన్ పైకి చదవమనండి. ఆ మాటలు విని మన గుమ్మం ఎక్కిన మనిషికి లోపల అదే దొరుకుతుందా అని అడగండి. మొదటి సంగతులు ఏ ఏజెన్సీ అయినా చూసిపెడుతుంది. ఈ చివరిది మాత్రం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత అమ్మాయి స్కూల్ డైరీ మీద సంతకం పెడుతుంటే మొదటి పేజీ కంటపడింది. 'మీ పిల్లల గురించి మీ మాటల్లో' అన్నచోట జూన్‌లో నేను రాసింది ఉంది. 'టాపర్, ఆల్‌రౌండర్, ఫ్యూచర్ ఐఐటియన్.' మూడూ కొట్టేసి, కింద ఇలా రాశాను. 'లెక్కలు నెమ్మదిగా చేస్తుంది, చేసినవి సరిచూసుకుంటుంది. స్టేజీ ఎక్కాలంటే భయం. అనుమానం వస్తే అడుగుతుంది, దయచేసి జవాబు చెప్పండి.'

అది చదివింది, ఏమీ అనలేదు. మర్నాడు డైరీ తనే తీసుకెళ్లి క్లాస్ టీచర్‌గారికి చూపించిందట.

– ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, రాజమహేంద్రవరం